గ్యారేజీలో సబ్‌ప్యానెల్‌కు తీగ లాగేటప్పుడు

ప్రశ్న: గాజువాక నుంచి వచ్చి న్యూజెర్సీలో ఇల్లు కొనుక్కున్నాను. ఇంటికి విడిగా ఉన్న గ్యారేజీలో 60 ఆంపియర్ల సబ్‌ప్యానెల్ (మెయిన్ ప్యానెల్ నుంచి కరెంటు తీసుకునే రెండో బ్రేకర్ల పెట్టె) పెట్టించాలని ఉంది. మెయిన్ ప్యానెల్‌లో న్యూట్రల్ తీగలూ ఎర్త్ తీగలూ ఒకే పట్టీకి బిగించి ఉన్నాయి. కొత్తదానిలోనూ అలాగే బిగించవచ్చా? మధ్యలో ఏ పైపు వేయాలి?

జవాబు: నమస్కారమండీ. అమెరికాలో చాలా ఏళ్లు ఇళ్ల వైరింగు పని చేసి, ఇప్పుడు విశాఖ ఎంవీపీ కాలనీలో ఉంటున్నాను. మీ మొదటి ప్రశ్న ప్రాణాలతో ముడిపడినది కనుక ముందుగా దానికే జవాబు చెబుతాను. అలా బిగించకూడదు. అక్కడ ఇంటికి 120 వోల్టుల ఫేజులు రెండు వస్తాయి, వాటి మధ్య 240 వోల్టులు ఉంటాయి. కాబట్టి సబ్‌ప్యానెల్‌కు రెండు ఫేజులు, న్యూట్రల్, ఎర్త్ కలిపి నాలుగు తీగలు వెళ్లాలి. న్యూట్రల్, ఎర్త్ కలిసే చోటు మెయిన్ దగ్గర ఒక్కటే. సబ్‌ప్యానెల్‌లో మళ్లీ కలిపితే న్యూట్రల్‌లో పోవలసిన కరెంటులో కొంత ఎర్త్ తీగలోంచి నిత్యం ప్రవహిస్తుంది. న్యూట్రల్ ఊడితే భారమంతా ఆ తీగ మీదే పడుతుంది, అదీ సడలిందంటే ప్యానెల్ పెట్టెకూ దానికి కలిపిన ప్రతి యంత్రానికీ షాకు వస్తుంది. విశాఖలో మన ఇళ్ల డీబీలో (బ్రేకర్లుండే పెట్టెలో) న్యూట్రల్ లింకు వేరుగా, ఎర్త్ పట్టీ వేరుగా ఉంటాయి కదా, సబ్‌ప్యానెల్‌ను ఆ డీబీలాగే చూడండి. కొత్త పెట్టెతో వచ్చే, న్యూట్రల్ పట్టీని పెట్టె లోహానికి కలిపే ఆకుపచ్చ బాండింగ్ స్క్రూను బిగించకుండా వదిలేసి, ఎర్త్ తీగల కోసం వేరే పట్టీని నేరుగా పెట్టె లోహానికి బిగించాలి.

ఇక పైపు సంగతి. బీచ్ రోడ్డు వైపు ఉప్పుగాలి ఇనుప పైపులను ఎలా తినేస్తుందో చూసినవారు కనుక, తడి మట్టిలోకి పీవీసీ ఎందుకో మీకు చెప్పనక్కరలేదు. దాని పైభాగం నేలమట్టానికి కనీసం 18 అంగుళాల లోతున ఉండాలి. నేలలోంచి పైకి వచ్చి దెబ్బ తగిలే చోట మందమైన షెడ్యూల్ 80 పైపు వాడాలి. భూమిలోని పైపు లోపలి భాగాన్ని కూడా అక్కడి విద్యుత్ నిబంధనల కోడ్ తడి ప్రదేశంగానే లెక్కిస్తుంది, కనుక ఇంట్లో వాడే ఎన్ఎం కేబుల్‌ను అందులో లాగకూడదు. తడిని తట్టుకునే టీహెచ్‌డబ్ల్యూఎన్-2 రకం విడి తీగలు కావాలి. 60 ఆంపియర్లకు 6 గేజ్ రాగి తీగలు మూడు, ఎర్త్‌కు 10 గేజ్ రాగి తీగ ఒకటి. వీటికి ముప్పావు అంగుళం షెడ్యూల్ 80 పైపు చాలదు. అంగుళం పైపు సరిపోతుంది గానీ, అంగుళంపావు వేస్తే తీగ ఒరిపిడి లేకుండా వెళుతుంది. లాగే రెండు చోట్ల మధ్య వంపులన్నీ కలిపి 360 డిగ్రీలు, అంటే నాలుగు మూల వంపులు, మించకూడదు.

ప్రశ్న: గ్యారేజీ దగ్గర ఎర్త్ కడ్డీ పాతుతున్నప్పుడు నాలుగో తీగ ఎందుకండీ?

జవాబు: ఉప్పూ బొగ్గూ వేసి ఎర్త్ పిట్ తీయించే అలవాటున్న మనందరికీ వచ్చే సందేహమే ఇది. కడ్డీకీ మట్టికీ మధ్య నిరోధం 25 ఓమ్‌లు అనుకోండి. 120 వోల్టుల ఫేజు యంత్రం ఒంటికి తగిలితే ఆ దారిలో పోయేది 5 ఆంపియర్ల లోపే. 20 ఆంపియర్ల బ్రేకర్ దానికి పడదు, యంత్రం ఒంట్లో కరెంటు అలాగే నిలిచి ఉంటుంది. బ్రేకర్‌ను వెంటనే పడగొట్టేది మెయిన్ దాకా తిరిగి వెళ్లే ఆ రాగి తీగే. విడి గ్యారేజీకి 8 అడుగుల కడ్డీ కూడా కావాలి, కానీ దాని పని ప్రధానంగా పిడుగుపాటు వంటి వాటికి. నిరోధం 25 ఓమ్‌లకు మించలేదని కొలిచి చూపలేకపోతే, కనీసం 6 అడుగుల ఎడంతో రెండోది కూడా పాతాలి.

తవ్వడానికి కొన్ని రోజుల ముందే 811కు ఫోన్ చేస్తే నేలలోని గ్యాసు, విద్యుత్ లైన్లకు ఉచితంగా గుర్తులు పెడతారు. పర్మిట్ తీసుకుని, తనిఖీ అయ్యేదాకా కందకం పూడ్చకండి. మెయిన్ బ్రేకర్ ఆపినా, బయటి లైను నుంచి ఇంటికి వచ్చే సర్వీసు తీగలు మెయిన్ ప్యానెల్‌లో బిగించిన చోట కరెంటు ఉంటూనే ఉంటుంది, కాబట్టి ఆ పెట్టెలోని పనిని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కే వదిలిపెట్టండి.