నీళ్ల పక్కన ప్లాటు: ధర్మసాగర్ వైపా, గోదావరి ఒడ్డా?

కాజీపేట జంక్షన్:
నాన్న రైల్వే ఉద్యోగం వచ్చే మార్చితో అయిపోతుంది. ఆయనకు ఒకటే కోరిక, పొద్దున లేవగానే నీళ్లు కనబడాలి. రెండు చోట్ల చూశాం. ఒకటి ధర్మసాగర్ మండలంలో ఒక ఊరి చెరువుకు వెనకవైపు 300 గజాల ప్లాటు. చివరి హద్దు రాయి దగ్గర నిలబడి మట్టిబెడ్డ విసిరితే నీళ్లలో పడుతుంది. రెండోది ఏటూరునాగారం దగ్గర గోదావరికి అర కిలోమీటరు లోపు 20 గుంటలు. తెలిసినవాళ్ల ద్వారా వచ్చింది, ధర చాలా తక్కువ, కాకపోతే సాదా బైనామా మీద, అంటే రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద. అమ్మ చెరువు అంటుంది, దవాఖాన దగ్గర కాబట్టి. నాన్న గోదావరి అంటారు, నిలిచిన నీళ్లకూ పారే నీళ్లకూ పోలికా అని. చెరువు ప్లాటుకు 50 వేలు టోకెన్ ఇచ్చేశాం. నెలాఖరులోపు అగ్రిమెంటు. తెలిసినవాళ్లు చెప్పండి, ఏది నయం? రెండూ వద్దు అనే జవాబు మా ఇంట్లో చెల్లదు.

హంటర్‌రోడ్డు కిరాయిదారు:
చెల్లకపోయినా నేను అదే చెప్తా. 2023 జులై ఆఖరులో మేం వరంగల్ హంటర్ రోడ్డు వైపు గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉన్నాం. రాత్రి రెండింటికి కాలు కింద పెడితే తడి తగిలింది, పిల్ల నీళ్లు ఒలకబోసిందనుకున్నా. తెల్లారేసరికి వంటింట్లో ఉండాల్సిన గ్యాస్ సిలిండర్ హాల్లో తేలుతోంది. వాన కాస్త తెరిపి ఇచ్చింది, బతికాం అనుకునేలోపు భద్రకాళి చెరువు కట్టకు పోతననగర్ వైపు గండి పడింది. కింద కాలనీల వాళ్లను ఖాళీ చేయించి, ఇసుక బస్తాలు వేసి ఆపారు. వాళ్లలో ఎవరూ నీళ్ల అందం చూద్దామని అక్కడ ఇల్లు కట్టుకున్నవాళ్లు కాదు. మీరు మాత్రం డబ్బులిచ్చి మరీ వెళ్తున్నారు.

మానేరు గాలి:
అన్నా, మీరు పడ్డ కష్టం కాదనను. కానీ నేరం చెరువు మీద వేయకండి. మన చెరువులు గొలుసుకట్టు. పైది నిండితే మత్తడి (ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే గోడ) పోసి కింది దాంట్లోకి వస్తుంది. ఆ మధ్య దారిని మూసేసి ఇళ్లు కట్టుకుంటే నీళ్లు ఇళ్లలోంచే పోతాయి. 2020 ఆగస్టులో హన్మకొండ నయీంనగర్ నాలా చేసిందీ అదే. చెరువుకు ఎంత దూరం అన్నది కాదు, నీళ్లు నడిచే దారిలో ఉన్నామా లేదా అన్నది చూడాలి.

మాది కరీంనగర్. నన్నడిగితే ఊరి చెరువూ వద్దు, నదీ వద్దు, పెద్ద డ్యాం చూసుకోండి. మా లోయర్ మానేరు పూర్తి నీటిమట్టం 920 అడుగులు, నిల్వ 24 టీఎంసీలు. వానాకాలం వస్తే ఈ అంకెలు టీకొట్టు దగ్గర కూడా వినబడతాయి. మీ ధర్మసాగర్ వైపు ఊరి చెరువు మట్టం ఎంతో ఆ ఊరి సర్పంచ్‌నైనా అడిగి చూడండి. అంకె తెలిసిన నీళ్లతో బేరం ఆడొచ్చు. ఒక్క ఇబ్బంది ఉంది, దాచను. ఎండాకాలం నీళ్లు బాగా వెనక్కి పోతాయి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మీ నాన్నగారు పొద్దున లేచి చూసేది పగుళ్లిచ్చిన బురద.

శిఖం పట్టా:
జంక్షన్ తమ్మీ, నీ పోస్టులో ఒక్క ముక్క దగ్గర ఆగిపోయా. "చెరువుకు వెనకవైపు" అన్నావు. చెరువు, నది అనే కొట్లాట తర్వాత. ముందు ఆ వెనకవైపు సంగతి చూడు.

చెరువుకు అన్ని దిక్కులూ ఒకటి కావు. కట్ట కింద ఉన్నది ఆయకట్టు. తరాలుగా వరి పండిన నేల, పునాది తవ్వితే ఊట వస్తుంది, పైగా కట్టకు ఏమైనా అయితే మొదటి ఇల్లు నీదే. మత్తడి పక్కన నేల ఏడాదంతా పొడిగా, చవగ్గా కనబడుతుంది. నీళ్లు వచ్చేది ఏ పది రోజులో. ఆ పది రోజులు మాత్రం అది వాగు. ఇక వెనకవైపు అంటే శిఖం, చెరువు నిండితే నీళ్లు పరుచుకునే నేల. మాకు అట్లాంటిదే ఎకరంన్నర ఉంది, అందుకే ఈ పేరు పెట్టుకున్నా.

శిఖం నేల పళ్లెంలాగా ఉంటుంది. వంద అడుగులు నడిస్తే ఒక్క అడుగు ఎత్తు కూడా ఎక్కవు. అంటే చెరువులో నీళ్లు ఒక్క అడుగు పెరిగితే ఒడ్డు వంద అడుగులు నీ వైపు జరుగుతుంది. రెండడుగులు పెరిగితే నీ 300 గజాలూ పోయినట్టే. మా తాత కాలంలో నీళ్లు గుంజినప్పుడు పుచ్చకాయలు, దోసకాయలు వేసేవారు. శిఖం పట్టా అంటే అంతవరకే హక్కు, నీళ్లు లేనప్పుడు పంట వేసుకోవడం. ఇల్లు కట్టుకునే హక్కు కాదు.

ఇంకో మాట. పాతికేళ్ల కిందట మా దిక్కు చెరువుల్లో చాలా మటుకు ఎండిపోయి సర్కారు తుమ్మ మొలిచి ఉండేవి. క్రికెట్ ఆడేవాళ్లం. అప్పుడు చేతులు మారిన కాగితాలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. తర్వాత గోదావరి నుంచి దేవాదుల ఎత్తిపోతల నీళ్లు ధర్మసాగర్‌కు వచ్చాయి, 2015 నుంచి మిషన్ కాకతీయలో పూడిక తీసి తూములు, మత్తళ్లు బాగు చేశారు. చెరువులు తమ జాగా తాము అడుగుతున్నాయి. ఇంతకీ నువ్వు ప్లాటు చూసింది ఏ నెలలో?

కాజీపేట జంక్షన్:
మే నెలలో అన్నా.

శిఖం పట్టా:
దసరా తర్వాత ఒకసారి పోయి చూసి అప్పుడు మాట్లాడు.

వెంచర్ కుర్చీ:
నేను ప్లాట్లు అమ్మి బతికేవాడిని, ముందే చెప్పేస్తున్నా. అందరినీ ఒకే గాటన కట్టకండి. నిబంధనలు లేవా? 2012లో వచ్చిన 168 జీవో చూడండి. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువుకూ కుంటకూ 9 మీటర్లు వదలాలి. నదికైతే పట్టణ పరిధిలో 50, బయట 100 మీటర్లు. సర్కారే గీత గీసి ఇచ్చాక, ఆ గీత దాటి ఉన్న భూమిని కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) లేఅవుట్ చేయించి అమ్మితే నేను చేసిన పాపమేంటి? ఉర్సు గుట్ట మీద కూర్చుని ఇల్లు కట్టుకోమంటారా జనాన్ని? నీళ్ల పక్కన కట్టుకోవద్దంటే కాకతీయులే ఈ చెరువుల పక్కన ఊళ్లు కట్టి ఉండరు.

శిఖం పట్టా:
వాళ్లు ఊరిని మెరక మీద పెట్టారన్నా, శిఖంలో కాదు. గీత మాటకొస్తే, 30 మీటర్లు ఎక్కడి నుంచి కొలుస్తావు? ఇవాళ నీళ్లున్న చోటు నుంచా? కొలవాల్సింది ఎఫ్‌టీఎల్ నుంచి, అంటే చెరువు నిండుగా ఉన్నప్పటి ఒడ్డు నుంచి. ఆ మట్టం ఎంత అంటే మత్తడి మీది అంచు ఎంతో అంత. అంతకు మించితేనే గదా నీళ్లు పొర్లేది. సర్వేయర్‌ను పిలిచి లెవెల్ మిషన్ పెట్టించి మత్తడి అంచు ఎత్తు, ప్లాటు హద్దు రాయి ఎత్తు చూస్తే ఒక్క పూటలో తేలిపోతుంది. నీ వెంచర్లలో ఎన్నిటికి ఆ పని చేయించావు?

వెంచర్ కుర్చీ:
ఇరిగేషన్ వాళ్ల ఎన్‌ఓసీ, అదే అభ్యంతరం లేదన్న కాగితం, ఉన్నదానికి మళ్లీ మిషన్ ఎందుకు? ప్రతి కొనుగోలుదారూ ఇంజినీరు కాలేడు కదా.

హంటర్‌రోడ్డు కిరాయిదారు:
సిలిండర్ తేలినప్పుడు ఎన్‌ఓసీ చూపిస్తే ఆగుతుందా?

పాసుబుక్కు అక్క:
డాక్యుమెంట్ రైటర్ ఆఫీసులో పనిచేస్తాను, అందుకే కాగితం వైపు నుంచి. చెరువు గొడవ మీరు తేల్చుకోండి. ఆ ఏటూరునాగారం 20 గుంటల మాట ఇంకెవరూ ఎత్తలేదేంటి? అది ఏజెన్సీ, షెడ్యూల్డ్ ఏరియా. అక్కడ 1/70 చట్టం నడుస్తుంది. గిరిజనులు కానివాళ్ల పేరు మీద భూమి బదిలీ చెల్లదు. అమ్మేవాళ్లు గిరిజనేతరులైనా చెల్లదు, అందరూ తికమక పడేది ఇక్కడే. తెల్లకాగితం మీద రాయించి, ఊరి పెద్దలతో సంతకాలు పెట్టించి, "ఇక్కడ అందరూ ఇట్లనే కొంటున్నారు" అంటారు. ధర ఎందుకు అంత తక్కువో ఇప్పుడు అర్థమైంది కదా బాబూ. నాన్నగారికి నచ్చజెప్పు. వద్దు.

ఇక చెరువు ప్లాటుకు రిజిస్ట్రేషన్ అవుతుందని మురిసిపోకు. రిజిస్ట్రేషన్ అంటే మీ ఇద్దరి మధ్య కాగితం నమోదైందని, అంతవరకే. అక్కడ ఇల్లు కట్టుకోవచ్చని కాదు. ఎల్‌ఆర్‌ఎస్‌లో, అంటే అనుమతి లేని ప్లాట్ల క్రమబద్ధీకరణలో, ఫీజు కట్టేస్తే సక్రమం అవుతుందని కూడా అంటారు. ఎఫ్‌టీఎల్‌లో గానీ, దాని చుట్టూ వదలాల్సిన బఫర్‌లో గానీ పడ్డ ప్లాటుకు అదీ దొరకదు. ఈసీ (పాత లావాదేవీల సర్టిఫికెట్) ఎట్లాగూ తీస్తావు, పాత పహాణీ (రెవెన్యూ వాళ్ల భూమి రికార్డు) కూడా తీయించు. అందులో శిఖం అనో చెరువు అనో ఉంటే అక్కడితో వదిలెయ్.

చెన్నూరు బస్సు:
అక్క చెప్పాక గోదావరి కథ కాగితం మీదే ముగిసింది, కానీ నాన్నగారి మనసు తీరాలి కదా, అందుకని. మాది గోదావరి దగ్గరి ఊరే. మీరు పుష్కరాలప్పుడు చూసే నది వేరు. 2022 జులైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులు వచ్చింది. 1986లో 75.6. అంత వచ్చినప్పుడు అర కిలోమీటరు దూరం అనేది దూరమే కాదు. పైగా నది ఒక్కతే కాదు, దాంట్లో కలిసే వాగు కూడా ఉంటుంది. నది పొంగితే వాగు వెనక్కి తన్నుతుంది. 2023లో ఏటూరునాగారం మండలం కొండాయిలో ప్రాణాలు తీసింది జంపన్నవాగు.

మా వైపు ఇంకో రకం ముచ్చట. కాళేశ్వరం బ్యారేజీలు కట్టాక ఎండాకాలం కూడా నీళ్లు కడుపునిండా నిలబడ్డాయి. ఆ వెనుకజలాల్లో పంటచేలు మునిగిన రైతులు ఒకపక్క మొత్తుకుంటుంటే, ఇంకోపక్క నది ఎదురుగా గెస్ట్ హౌస్ కడతామని హైదరాబాద్ కార్లు వచ్చేవి. 2023 అక్టోబర్‌లో వాటిలో ఒకటైన మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగాయి, గేట్లు ఎత్తేశారు. నీళ్లు పోయి మళ్లీ ఇసుక తేలింది. మానేరు తమ్ముడు అంకె అంకె అంటున్నాడు గానీ, ఆ అంకె ఎవరో గేటు ఎత్తితే మారిపోయేదే.

మానేరు గాలి:
మారుతుంది, కానీ పైకి ఎంతదాకా పోతుందో తెలుసు కదా అన్నా. నేను అడిగేది అదే. తక్కువైతే అందం పోతుంది, ఎక్కువైతే ఇల్లు పోతుంది. రెండూ ఒకటెట్లా అవుతాయి?

చెన్నూరు బస్సు:
భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లి వాళ్లు కూడా తమ వాగు ఎంతదాకా వస్తుందో తెలుసనే అనుకున్నారు. 2023లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 650 మిల్లీమీటర్ల వాన. ఆ వానల్లో మోరంచపల్లి ఊరు ఊరంతా మిద్దెల మీద, చెట్ల మీద. హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. పాత లెక్కలు అక్కడిదాకానే తమ్మీ.

మానేరు గాలి:
ఒప్పుకోను. ఆ లెక్కన భూమ్మీద ఎక్కడా ఇల్లు కట్టలేం.

కాజీపేట జంక్షన్:
ఆలస్యానికి ఏమనుకోకండి. దసరా వెళ్లిన మరుసటి ఆదివారం నాన్నను తీసుకుని పోయి చూశా. గోదావరి పొలం మాట ఆయనే వదిలేశారు, పాసుబుక్కు అక్క రాసింది చదివి వినిపిస్తే "తెల్లకాగితానికి నా పీఎఫ్ డబ్బులా" అన్నారు.

చెరువు దగ్గర సర్వేయర్‌తో లెవెల్ పట్టించాం. మా హద్దు రాయి మత్తడి అంచు కన్నా అడుగున్నర కింద ఉంది. అసలు మిషన్ అక్కర్లేదు. చేపల వలలు సర్దుకుంటున్న ఒక పెద్దాయన ప్లాట్ల మధ్యలో ఉన్న తుమ్మచెట్టు చూపించాడు. నా నడుము ఎత్తులో కొమ్మలకు ఎండిన గుర్రపుడెక్క వేలాడుతోంది. మేలో వచ్చినప్పుడు అదే చెట్టు నీడలో నిలబడి బ్రోచర్ చూశాం, తల ఎత్తి చూసుకోలేదు. టోకెన్ అడిగితే తిరిగి ఇవ్వరట, "ఇంకో వెంచర్‌లో సర్దుతాం" అంటున్నారు.

వచ్చేటప్పుడు అదే చెరువుకు పక్కన గుట్ట వైపు మెరక మీద ఒక జాగా కనబడింది. నీళ్లకు అర కిలోమీటరు పైనే. కింద నుంచి ఏమీ కనబడదు, మేడ మీదికెక్కితే చెరువంతా కనబడుతుంది. నాన్నకు బాగా నచ్చింది. అరవై దాటాక రోజూ ఆ మెట్లు ఎవరెక్కుతారని అమ్మ గొడవ.

వెంచర్ కుర్చీ:
గజం ఎంత చెప్తున్నారు?

శిఖం పట్టా:
ధర తర్వాత మాట్లాడుకోవచ్చు, ముందు సర్వే నంబరు పెట్టు తమ్మీ. గుట్ట అంటున్నావు, అది సర్కారు భూమో అడవి శాఖదో చూడాలె.