మాంట్‌గోమరీ నాటకం టీవీకి: కోరస్ తీసేయమంటున్నరు, ఏం చెయ్యాలె?

ప్రశ్న (రంగస్థలం_హైద్)
అందరికీ నమస్తే. మాది హైదరాబాద్‌లో చిన్న నాటక బృందం. అమెరికాల మాంట్‌గోమరీ ఊర్ల నల్లజాతోళ్లు బస్సుల్ల వివక్ష మీద చేసిన బస్సుల బహిష్కరణ మీద పాటలతో నాటకం కట్టి లామకాన్‌ల ఆడినం, ఇప్పుడొక ఛానల్ వాళ్లు గంట ప్రోగ్రాం చేసియ్యమంటున్నరు. కాకపోతే పాటలన్నీ, బస్సుల తెల్లాయనకు సీటు ఇయ్యనన్న రోసా పార్క్స్ పాత్రకే ఇచ్చి క్లోజప్‌ల తియ్యాల్నట, గుంపు పాటలైతే జనం ఛానల్ మారుస్తరట. నాకైతే మనసొప్తలేదు. ఇంకోటి, పాటలు సెట్‌ల పాడాల్నా, ముందే రికార్డు చేసుకోవాల్నా?

ఎడిటింగ్_టేబుల్
కోరస్ అస్సలు తియ్యకు తమ్మీ. 1955 డిసెంబర్ 1న ఆమెను అరెస్టు చేసిన్రు, నిజమే, కానీ ఆ రాత్రికి రాత్రే బస్సులెక్కొద్దని వేల కరపత్రాలు తీసింది అక్కడి కాలేజీల పాఠాలు చెప్పే జో ఆన్ రాబిన్సన్, తర్వాత 381 రోజులు బస్సెక్కకుండ పనులకు నడిచిపోయింది వంటమనుషులు, ఇండ్లల్ల పనిచేసే ఆడోళ్లు. అంతకుముందు మార్చిలనే 15 ఏండ్ల క్లాడెట్ కాల్విన్ సీటు ఇయ్యనన్నది, ఆ పిల్లకు మీ నాటకంల పాట ఉందా? అంతా ఒక్కామె మొహం మీద పెడితే చరిత్రే తప్పుగ చెప్పినట్టయితది. అయితే స్టేజీ మీద లెక్క అందర్నీ వరసగ నిలబెట్టి దూరం నుంచి తీస్తే టీవీల ఎవరూ గుర్తురారు, ఛానల్ వాళ్ల భయం గూడ అదే. చరణానికొక మనిషిని దగ్గర నుంచి తియ్యి, పల్లవి వచ్చేసరికి బుర్రకథల వంతలు అందుకున్నట్టు అందరూ అందుకోవాలె.

మైకు_మనిషి
నడిచే పాటలు ముందే రికార్డు చెయ్యండి, రోడ్డు మీద సౌండు చేతికి రాదు. చర్చిలో మీటింగ్ పాట మాత్రం సెట్‌లోనే పాడించండి, ఊపిరి తెగినా పర్లేదు, అదే బాగుంటది. 2016లో అమెరికా టీవీ ఛానల్ ఎన్‌బీసీ వాళ్లు హెయిర్‌స్ప్రే మ్యూజికల్‌ని లైవ్‌గా చేశారు, 1962 బాల్టిమోర్‌లో టీవీ డాన్సు షోలోకి నల్లపిల్లల్ని రానివ్వాలనే కథ అది, వీలైతే చూడండి.

పాతపాటలు
పర్మిషన్ల సంగతి చూసుకున్నారా అండీ? ఆ బహిష్కరణకు నాయకత్వం వహించిన మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగాలకు కాపీరైట్ ఉంది. ఆయన మీద 2014లో వచ్చిన సెల్మా సినిమాకే అవి దొరక్క డైరెక్టర్ కొత్తగా రాసుకోవాల్సి వచ్చింది. 'వీ షల్ ఓవర్‌కమ్' పాట మీద కాపీరైట్ కేసు 2018లో తేలిపోయింది, ఎవరైనా పాడుకోవచ్చు, కానీ అది ఉద్యమగీతమైంది 1960 నుంచి కదా, దయచేసి 1955 సీన్లో పెట్టకండి.

రంగస్థలం_హైద్
థాంక్స్ అక్కా, అన్నా. క్లాడెట్‌కు పాట లేదు, ఇయ్యాల్నే మొదలువెడ్త. చర్చి పాట మీరు చెప్పినట్టే తీసి ఛానల్ వాళ్లకు చూపిస్త. సికింద్రాబాద్ దిక్కు గొంతు మార్మోగని హాలేదన్న తెలిస్తే చెప్పుర్రి.