అప్‌డేట్: సుంకి ఘాట్‌లో కారు దానంతట అదే బ్రేక్ వేస్తున్న సమస్య తీరింది

ముందు ఏదైనా అడ్డొస్తే దానంతట అదే బ్రేక్ వేసే సిస్టమ్ మా కారులో ఉంది. ఒడిశాలోని సిమిలిగుడ నుంచి సుంకి ఘాట్ రోడ్డు మీదుగా సాలూరు దిగేటప్పుడు ఎదురుగా ఏమీ లేకపోయినా మలుపుల్లో కారు దానంతట అదే బ్రేక్ వేసేస్తోందని ఇక్కడ అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్, ముఖ్యంగా ముందు అద్దం మార్చారా అని అడిగిన అన్నకి. అదే కారణం! రాయి తగిలి పగిలితే కొత్త అద్దం వేయించాం, దాని వెనక ఉండి ముందున్న రోడ్డుని చూసే కెమెరాకి మళ్లీ కాలిబ్రేషన్ (గురి సరిచూసి సెట్ చెయ్యడం) చెయ్యలేదట. విశాఖ సర్వీస్ సెంటర్‌లో కారు ముందు గళ్ల బోర్డు పెట్టి సరిచేశాక ఖాళీ రోడ్డు మీద బ్రేక్ పడటం ఆగింది. బంపర్‌లో రాడార్, బ్యాటరీ, సాఫ్ట్‌వేర్ అన్నీ బాగానే ఉన్నాయి, వాటికీ దీనికీ సంబంధం లేదు.

పొగమంచులో కెమెరా పనిచేయడం లేదన్న మెసేజ్ మాత్రం ఇంకా వస్తోంది. అది రిపేరు కాదట, కెమెరాకి కనపడకపోతే అంతే.

ఇక ఆవులు అడ్డొస్తే కూడా కారు బ్రేక్ వేస్తుందా అని అడిగినవాళ్లకి: ఈ సిస్టమ్ వేటిని గుర్తిస్తుందో చెప్పేచోట మా కారు మాన్యువల్‌లో వాహనాలు, మనుషులు, సైకిళ్లు అనే ఉంది, పశువుల ఊసే లేదు. ఇలాంటి ఆటోమేటిక్ బ్రేకుల గురించి అమెరికా 2024లో ఖరారు చేసిన రూల్‌లో కూడా వాహనాలు, పాదచారులే. ఇదే దారిలో పొట్టంగి దగ్గర రాత్రిపూట మా అసలు టెన్షన్ రోడ్డు మీద పడుకునే ఆవులే మరి, అక్కడ బ్రేక్ మనమే వెయ్యాలి.