హ్యాంక్ విలియమ్స్ జూనియర్ సొంత బాణీ ఎప్పుడు మొదలైంది?

కంట్రీపిచ్చి: అమెరికా కంట్రీ సంగీత గాయకుడు జూనియర్ 1964 నాటి రికార్డుల్లో అచ్చం తండ్రి, అదే సంగీతంలో పేరుమోసిన హ్యాంక్ విలియమ్స్ గొంతే వినిపిస్తోంది. సొంత బాణీ ఎప్పుడు పట్టుకున్నాడండీ?

పాతరికార్డు: అలా పాడించారు మరి! 1953 జనవరి 1న తండ్రి పోయేనాటికి పిల్లాడికి మూడేళ్లు. ఎనిమిదో ఏటే తల్లి ఆడ్రీ స్టేజీ ఎక్కించింది, తండ్రి పాటలతోనే. పదకొండేళ్లకు గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే పేరున్న కంట్రీ సంగీత రేడియో వేదిక మీద పాడాడు. ఎంజీఎం రికార్డు కంపెనీలో 1964 నాటి తొలి హిట్టు 'లాంగ్ గాన్ లోన్‌సమ్ బ్లూస్' కూడా తండ్రిదే. అదే ఏడు తండ్రి జీవితంపై వచ్చిన సినిమాలో జార్జ్ హామిల్టన్ పెదవులు కదిపాడు, గొంతు మాత్రం ఈ కుర్రాడిది.

పెడల్‌స్టీల్: 1966లో 'స్టాండింగ్ ఇన్ ది షాడోస్' సొంతంగా రాసుకున్నాడు, వదలొద్దు. అసలు మలుపు 1975లో, అలబామాలోని మజిల్ షోల్స్‌లో చేసిన 'అండ్ ఫ్రెండ్స్' ఆల్బమ్. చార్లీ డేనియల్స్, టాయ్ కాల్డ్‌వెల్ లాంటి సంగీతకారులు తోడవడంతో అతని కంట్రీ పాటలో సదరన్ రాక్ (అమెరికా దక్షిణాది రాక్ సంగీతం) కలిసింది.

పాతరికార్డు: అవును, మోంటానాలో జూనియర్ కొండమీంచి పడిపోయింది ఆ ఆల్బమ్ రికార్డింగు అయ్యాకే. చాలామంది తిరగేసి చెబుతారు. గడ్డం, నల్లద్దాలు, టోపీ మాత్రం ఆ ప్రమాదంలో ముఖాన పడ్డ మచ్చలు కప్పడానికే.