ఆరు నెలలకే ఆర్వో మెంబ్రేన్ (నీళ్లలోని ఉప్పుల్ని వడగట్టే పొర) మూసుకుపోతోంది, ఎందుకు?

నల్గొండ వైపు మా ఊళ్లో వాటర్ ప్లాంట్ నడుపుతున్నాను. బోరు నీళ్ల టీడీఎస్ (కరిగిన ఉప్పుల మోతాదు) 1400. గంటకు వెయ్యి లీటర్లు రావాల్సింది ఏడు వందలకు పడింది. చివరి మెంబ్రేన్ విప్పితే అంచున తెల్లగా, ఇసుక కాగితంలా గరుకుగా ఉంది. పోర్లు (పొరలోని రంధ్రాలు) పూడిపోయాయా? కొత్తది కొనాలంటే టెన్షన్‌గా ఉంది.

— అన్నా, ఆ తెల్లదాని మీద నిమ్మకాయ పిండి చూడు. బుసబుస పొంగితే సున్నమే. రిజెక్ట్ వాల్వ్, అదే ఉప్పునీళ్లు బయటికి పోయేది, ఎంత బిగించావు?

— పొంగింది! నీళ్లు వృథా అవుతున్నాయని వాల్వ్ బాగా బిగించాను తమ్ముడూ. నాలుగింట మూడొంతులు మంచినీళ్లే వస్తున్నాయి.

— అదీ సంగతి. అప్పుడు రిజెక్ట్‌లో ఉప్పులు దాదాపు నాలుగు రెట్లు చిక్కబడతాయి. సగం సగానికి తెచ్చుకో, యాంటీస్కేలెంట్ (సున్నం పేరుకోకుండా వేసే మందు) డోసింగ్ పంపు ఆగిందేమో చూడు. కడగడానికి సిట్రిక్ యాసిడ్ వాడు, బాత్రూం యాసిడ్ మాత్రం వద్దు.

— ఒక్క మాట. మొదటి మెంబ్రేన్ జిగటగా, వాసనగా ఉంటే అది బ్యాక్టీరియా పాచి. దానికి ముందు క్షారంతో కడగాలి, తర్వాతే యాసిడ్. క్లోరిన్ తగిలిందా, పొర పాడైనట్టే. ఇక పోర్లంటావా, ఆర్వో పొరకు యూఎఫ్ (అల్ట్రా ఫిల్ట్రేషన్) పొరలా కొలిచే రంధ్రాలుండవు. యూఎఫ్ అయితే తడిపి గాలి ఒత్తిడి పెంచుతూ పోతే, మొదటి బుడగ వచ్చిన ఒత్తిడిని బట్టి అతిపెద్ద రంధ్రం సైజు లెక్కగట్టొచ్చు.

— సిట్రిక్‌తో కడిగాను. గంటకు 920 లీటర్లు వస్తోంది!