మధ్య తీగ మోగుతున్నది, తాళం బిగుసుకుపోతున్నది: వెస్ మాంట్‌గోమరీ వాద్యం గురించి ఒక సందేహం

సందేహం (విజయవాడ, సత్యనారాయణపురం)
పెద్దలకు నమస్కారం. నేను ఆరేళ్లుగా గిటార్ వాయిస్తున్నాను కానీ సినిమా పాటలకు కార్డులు (కలిపి మోగించే స్వరాల గుత్తులు) పట్టడమే తప్ప జాజ్ జోలికి పోలేదు. అమెరికన్ జాజ్ గిటారిస్టు వెస్ మాంట్‌గోమరీ 1960లో రికార్డు చేసిన ‘ది ఇన్‌క్రెడిబుల్ జాజ్ గిటార్’ ఆల్బమ్ విన్నప్పటి నుంచి, ఆయనలాగా పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ల) లేకుండా బొటనవేలితో ఒకే స్వరాన్ని రెండు స్థాయిల్లో కలిపి పలికించాలని ప్రయత్నిస్తున్నాను. ఎంత జాగ్రత్తపడినా మధ్యనున్న తీగ కూడా మోగుతున్నది. పైగా అందులోని ‘వెస్ట్ కోస్ట్ బ్లూస్’ను మెట్రోనోమ్‌తో (తాళం కొట్టే యంత్రంతో) వాయిస్తే కవాతులాగా ఉంటున్నది. లోపం ఎక్కడున్నదో దయచేసి చెప్పగలరు.

సమాధానం (గుంటూరు, బ్రాడీపేట)
మొదటిది చేతి సమస్య, రెండవది చెవి సమస్య అండి. మీరు మధ్య తీగను తప్పించబోతున్నారు, అదే పొరపాటు. బొటనవేలు మూడు తీగలనూ ధారాళంగా మీటాలి. ఎడమచేతి చూపుడువేలి లోపలి భాగం మధ్య తీగ మీద తేలికగా ఆని ఉంటే అది మూగబోతుంది. ఆరు-నాలుగు, ఐదు-మూడు తీగల మీద రెండు మెట్ల (ఫ్రెట్ల) ఎడం చాలు. నాలుగు-రెండు, మూడు-ఒకటి తీగలకు మూడు మెట్లు కావాలి కనుక అక్కడ చిటికెనవేలు వాడండి.

ఇక తాళం సంగతి. న్యూయార్క్‌లో జనవరి 26, 28 తేదీలలో, రివర్‌సైడ్ సంస్థ కోసం ఓరిన్ కీప్‌న్యూస్ నిర్మాణంలో ఈ ఆల్బమ్ రికార్డయినప్పుడు వెనుక కూర్చున్న ముగ్గురూ సామాన్యులు కారు. బేస్ పెర్సీ హీత్, డ్రమ్స్ ఆయన తమ్ముడు ఆల్బర్ట్ హీత్. అన్నదమ్ముల మధ్య ఉండే ఆ చనువు లయలోనే వినిపిస్తుందని నా అభిప్రాయం. పెర్సీ అప్పటికే మోడర్న్ జాజ్ క్వార్టెట్‌లో పేరుపొందినవాడు. పియానో వాయించిన టామీ ఫ్లానగన్ అంతకు ముందు ఏడాదే శాక్సొఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ ‘జెయింట్ స్టెప్స్’ రికార్డింగులో పాల్గొన్నాడు. వెస్ ఒంటి స్వరాల నుంచి జంట స్వరాలకు, అక్కడి నుంచి నిండు కార్డులకు ఎక్కుతూ పోయేటప్పుడు ఫ్లానగన్ ఎంత తక్కువ వాయిస్తాడో గమనించండి. మన కచేరీలలో మంచి మృదంగ విద్వాంసుడు ఎక్కడ ఆగాలో తెలిసి ఆగినట్లే ఉంటుంది.

‘వెస్ట్ కోస్ట్ బ్లూస్’ మూడు మాత్రల నడక. ప్రతి మాత్రకూ మెట్రోనోమ్ కొడితే మీ చేయి దానికి బానిస అవుతుంది. మూడింటికీ కలిపి ఒక్క దెబ్బ పెట్టుకుని, మిగిలిన రెండూ మీరే మోయండి. అంతకు ముందు నాలుగు రోజులు గిటార్ పక్కన పెట్టి, పెర్సీ బేస్ ఒక్కటే కూనిరాగంగా పాడండి.

మళ్లీ సందేహం (విజయవాడ)
కృతజ్ఞతలండి. చూపుడువేలు ఆనించిన సాయంత్రమే మధ్య తీగ నోరు మూసుకున్నది. ఒక్క దెబ్బ పెట్టుకుంటే మాత్రం, రెండవ మాత్రను తొందరగా వేస్తున్నానని బయటపడింది. బొటనవేలికి పొక్కు కూడా వచ్చింది. అదే ఆల్బమ్‌లోని ‘ఎయిర్‌జిన్’ మొదలుపెట్టవచ్చునా?

సమాధానం (గుంటూరు)
వద్దండి. నైజీరియా పేరును తిరగేసి శాక్సొఫోన్ విద్వాంసుడు సోనీ రోలిన్స్ కట్టిన ఆ బాణీ వేగం ఇప్పుడు మీ చేతికి అందదు. అదే ఆల్బమ్‌లోని, పన్నెండు బార్ల (తాళ ఆవర్తనాల) ‘డి-నాచురల్ బ్లూస్’ పట్టుకోండి. అక్కడ తొందరపడితే బేస్‌తోనే తగవు వస్తుంది కనుక తప్పు వెంటనే తెలుస్తుంది. పొక్కు ఆరేదాకా మీటడం ఆపి, తగ్గాక ఫ్లాట్‌వౌండ్ (పైభాగం నునుపుగా ఉండే) తీగలు వేసి చూడండి, వేలికి రాపిడి తగ్గుతుంది.