కలకత్తా ఫుట్‌బాల్ డెర్బీ (ఒకే ఊరి రెండు క్లబ్బుల మధ్య మ్యాచ్) స్టేడియంలో చూసినవాళ్లు ఉన్నారా? మోహన్ బగాన్ - ఈస్ట్ బెంగాల్ అనుభవాలు చెప్పండి

సెక్టార్‌ఫైవ్_కొత్త
నమస్తే అండీ. ఉద్యోగం మారి వచ్చే నెల కలకత్తా వెళ్తున్నాను. ఆఫీసు సాల్ట్ లేక్ సెక్టార్ ఫైవ్‌లో. మాది గుంటూరు, చిన్నప్పటి నుంచి క్రికెట్టే. కొత్త టీమ్‌లో నాతో ఫోన్లో మాట్లాడిన మొదటి మనిషి "నువ్వు ఇలిషా, చింగ్డియా?" అని అడిగాడు. ఏం చెప్పాలో తెలియలేదు. భార్య, ఎనిమిదేళ్ల బాబుతో డెర్బీకి వెళ్లొచ్చా? అక్కడ ఉన్నవాళ్లు చెప్పండి.

ఖరగ్‌పూర్_క్వార్టర్స్
నేను పుట్టి పెరిగింది ఖరగ్‌పూర్‌లో. తాతగారు శ్రీకాకుళం నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చారు, నాన్నగారు కూడా వర్క్‌షాప్‌లోనే చేశారు.

ఇలిష్ అంటే మన పులస చేపే. అది ఈస్ట్ బెంగాల్ వాళ్లది. చింగ్డి అంటే రొయ్య, అది మోహన్ బగాన్ వాళ్లది. డెర్బీ ఎవరు గెలిస్తే మర్నాడు బజార్లో వాళ్ల సరుక్కి గిరాకీ.

మా వీధిలో తెలుగువాళ్లకు పుట్టుకతో వచ్చిన పక్షం లేదు. అందుకే రెండు వైపులవాళ్లూ మమ్మల్ని లాగేవారు. నన్ను లాగింది పక్క క్వార్టర్ కాకు (బెంగాలీలో బాబాయి). మ్యాచ్ రోజు రేడియో కిటికీలో పెట్టి, నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, బెంగాలీ కామెంటరీలో నాకు తెలియని మాటలకు అర్థం చెప్పేవారు. నా బెంగాలీలో సగం అలా వచ్చిందే. 1911 జూలై 29న ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో మోహన్ బగాన్ బ్రిటిష్ సైన్యపు జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించిన కథ ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో. పదకొండు మందిలో పదిమంది బూట్లు లేకుండానే ఆడారు. శివదాస్ భాదుడీ, అభిలాష్ ఘోష్ గోల్స్ కొట్టారు. కాకు పోయి చాలా ఏళ్లయింది. నేను ఇప్పటికీ ఆకుపచ్చ-మెరూనే, అంటే మోహన్ బగాన్ రంగులే.

జాదవ్‌పూర్_కోడలు
నాది విజయవాడ, అత్తవారిది జాదవ్‌పూర్ దగ్గర కాలనీ. మామగారి కుటుంబం దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ (ఇప్పటి బంగ్లాదేశ్)లోని బరిశాల్ నుంచి వచ్చింది. అప్పటికి ఆయనకు ఆరేళ్లు. అక్కడి ఇంటి ఫోటో ఒక్కటి కూడా లేదు. కొత్తగా పెళ్లయినప్పుడు నాకు ఈ పిచ్చి ఏమిటో అర్థమయ్యేది కాదు. ఓసారి ఈస్ట్ బెంగాల్ ఓడిపోతే మామగారు రాత్రి అన్నం తినలేదు. అత్తగారిని అడిగాను. "ఆయన ఊరి పేరు ఇప్పుడు మిగిలింది ఆ జట్టులోనే కదమ్మా" అన్నారు. ఆ తర్వాత నేను ఎప్పుడూ ఆ మాట అడగలేదు.

1997 జూలై 13న ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కు ఆయన సాల్ట్ లేక్ స్టేడియంలో ఉన్నారు. ఆ రోజు వచ్చినవాళ్లు లక్షా 31 వేలకు పైనే. మోహన్ బగాన్ కోచ్ అమల్ దత్తా డైమండ్ సిస్టమ్ (ఆటగాళ్లను వజ్రాకారంలో నిలిపే పద్ధతి) గురించి పేపర్లన్నీ రాశాయి. ఈస్ట్ బెంగాల్‌కు పీకే బెనర్జీ. భైచుంగ్ భూటియా హ్యాట్రిక్, 4-1. మామగారు ఆ కథ చెప్పేటప్పుడు ఇప్పటికీ లేచి నిలబడతారు.

పాత_లెక్కలు
మంచి పోస్టు అండీ. ఒక్క సవరణ. విభజన వల్లే ఈస్ట్ బెంగాల్ క్లబ్ పుట్టిందని చాలామంది అనుకుంటారు. క్లబ్ 1920 ఆగస్టు 1నే పుట్టింది. జోరాబగాన్ జట్టు మోహన్ బగాన్‌తో మ్యాచ్‌కు శైలేశ్ బోస్ అనే ఆటగాణ్ని పక్కన పెట్టింది. అతను తూర్పు బెంగాల్ వాడు. దానికి నొచ్చుకుని సురేశ్ చంద్ర చౌధురి బయటికి వచ్చి, తోడు నిలిచినవాళ్లతో కొత్త క్లబ్ పెట్టారు. అప్పటికే ఘోటీ (పశ్చిమ బెంగాల్ వాళ్లు), బాంగాల్ (తూర్పు బెంగాల్ వాళ్లు) అన్న తేడా ఉంది. 1947 తర్వాత లక్షలమంది శరణార్థులు వచ్చి చేరేసరికి ఆ క్లబ్బు వాళ్ల ఇల్లయింది.

జాదవ్‌పూర్_కోడలు
నిజమే, థాంక్స్. మామగారికి చదివి వినిపించాను. "అవమానం ముందు, విభజన తర్వాత" అన్నారు.

బొల్లారం_బాబాయ్
మన వాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదే! 1949 నుంచి ఈస్ట్ బెంగాల్ ముందువరసలో ఆడిన అప్పారావు, వెంకటేశ్, ధనరాజ్, సాలే, అహ్మద్ ఖాన్‌లను పంచపాండవులు అనేవారు. అయిదుగురూ దక్షిణాది వాళ్లే.

తులసీదాస్ బలరాం మా సికింద్రాబాద్ అమ్ముగూడ వాడు. 1961లో కెప్టెన్‌గా ఈస్ట్ బెంగాల్‌ను కలకత్తా లీగ్ గెలిపించాడు, మరుసటి ఏడు జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం. చివరిదాకా ఉత్తర్‌పారాలోనే ఉండి 2023 ఫిబ్రవరిలో పోయాడు. మహమ్మద్ హబీబ్ హైదరాబాదీ. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడాడు, మూడు వైపులా 'బడే మియా' అనే పిలిచేవారు. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఉన్న న్యూయార్క్ కాస్మాస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టాడు. తమ్ముడు అక్బర్ 1976 డెర్బీలో 17వ సెకనులోనే గోల్ వేశాడు.

ఇక్కడ కోచ్ రహీం సాబ్ తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 వరకు వరసగా అయిదు రోవర్స్ కప్‌లు గెలిచింది. అంత చరిత్ర ఉన్న ఊళ్లో మనం రెండు క్లబ్బులను ఇలా గుండెకు హత్తుకోలేదు. ఆటగాళ్లను వాళ్లకిచ్చాం, అభిమానం వాళ్లు చూపించారు. ఈ బాధ నాకు ఎప్పటికీ పోదు.

న్యూటౌన్_నాని
కొత్త గారూ, కుటుంబం గురించి అడిగారు కదా. మా పాపను ఏడేళ్లప్పుడే తీసుకెళ్లాను, ఇబ్బంది కాలేదు. రెండు వైపులవాళ్లకూ గేట్లు, గ్యాలరీలు వేరు. టికెట్ కొనేటప్పుడే ఏ గ్యాలరీయో చూసుకోండి. అదొక్కటి పొరపాటైతే అంతా టెన్షనే. మ్యాచ్ అవగానే జనంలో పడి తోసుకు రాకుండా పావుగంట కూర్చుని లేవండి. మెట్రో స్టేషన్ స్టేడియం పక్కనే.

జాగ్రత్త ఎందుకంటే, 1980 ఆగస్టు 16న ఈడెన్‌లో డెర్బీ రోజు గ్యాలరీలో గొడవ, తొక్కిసలాట జరిగి 16 మంది చనిపోయారు. అందుకే ఏటా ఆ రోజున రక్తదాన శిబిరాలు పెడతారు. నేనూ రెండుసార్లు ఇచ్చాను. నా పక్క మంచం మీద ఈస్ట్ బెంగాల్ ఎరుపు-పసుపు కండువా ఆయన, నాది ఆకుపచ్చ.

2024 ఆగస్టు 18 కూడా చెప్పాలి. ఆర్జీ కర్ ఆస్పత్రిలో డాక్టర్‌పై అత్యాచారం, హత్య ఘటనతో ఊరంతా రగులుతోంది. బందోబస్తు కుదరదని డ్యూరాండ్ కప్ డెర్బీ రద్దు చేశారు. అయినా రెండు క్లబ్బుల జనం స్టేడియం బయటికి వచ్చారు, మహమ్మదన్ వాళ్లూ వచ్చారు. జెండాలన్నీ పక్కపక్కనే, నోట న్యాయం అన్న ఒకే మాట. ఎనిమిదేళ్లుగా ఇక్కడున్నాను, అంతకుముందు ఎప్పుడూ అలా చూడలేదు.

సెక్టార్‌ఫైవ్_కొత్త
అందరికీ చాలా థాంక్స్. మరి ఏ రంగు చొక్కా వేసుకోవాలి?

ఖరగ్‌పూర్_క్వార్టర్స్
మొదటిసారి తెల్లది. రెండోసారికి మీకే తెలుస్తుంది.

జాదవ్‌పూర్_కోడలు
మ్యాచ్ రోజు ముందు మా ఇంటికి రండి, భోజనం చేసి అందరం కలిసి వెళ్దాం. మామగారు ఇప్పుడు స్టేడియానికి రాలేరు. మీ బాబును ఒక్క అరగంట ఆయన పక్కన కూర్చోబెట్టండి, చాలు.